తోట అమ్మి మెట్రో పక్కన ప్లాటు కొనమంటున్నారు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నా వయసు 54. పెళ్లిలో నాన్నగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర కొబ్బరితోట నా పేరున ఉంది. ఎకరానికి ఏడాదికి 50 వేల చొప్పున కౌలుకిచ్చాను. మావారు పోయి మూడేళ్లయింది. ఫ్యామిలీ పెన్షన్ 24 వేలు వస్తుంది. అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మాయి బీటెక్ మూడో ఏడాది. మా పిన్ని అల్లుడు రియల్ ఎస్టేట్ చేస్తాడు. ఎకరం 70 లక్షల లెక్కన తోటకి బేరం తెచ్చాడు. ఆ డబ్బుతో విజయవాడ ఏలూరు రోడ్డు వైపు లైట్ మెట్రో స్టేషన్ వచ్చే చోట గజం 36 వేల చొప్పున 250 గజాలు కొనమంటున్నాడు. ఐదేళ్లలో మూడింతలవుతుందట. రిజిస్ట్రేషన్ అబ్బాయి పేరున పెడదామని వాళ్లిద్దరూ అంటున్నారు. రోజూ ఫోన్లు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. ఈ నెలలో దేని మీదా సంతకం పెట్టకండి. తోట కొంటామన్నవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకోకండి, ప్లాటువాళ్లకి టోకెన్ ఇవ్వకండి. ఐదేళ్లలో మూడింతలయ్యే స్థలం ఒక్క నెల ఆగితే ఎక్కడికీ పోదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డబ్బు అవసరం పడిందని అందులో ఎక్కడా లేదు. అప్పు లేదు, పెళ్లి ముహూర్తం పెట్టుకోలేదు, ఆసుపత్రి ఖర్చు లేదు. అమ్మాలన్న తొందరంతా పక్కవాళ్లదే. ఆ పిన్ని అల్లుడికి రెండు వైపులా కమీషన్ ఉంటుంది. అతను చెడ్డవాడని అనడం లేదు, అది అతని వ్యాపారం. అతని లెక్కలో మీ తోట ఒకటి కాదు, రెండు బేరాలు.

స్టేషన్ పక్క స్థలం సంగతి నాకు బాగానే తెలుసు, ఎందుకంటే నేనూ ఒకటి కొన్నాను. కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజులవి. మరుసటేడు అమలాపురం చుట్టుపక్కల 200 గజాలు కొన్నాను. బ్రోచరులో ఎర్రసిరాతో గీత గీసి ‘స్టేషన్ 300 మీటర్లు’ అని వేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. సరిహద్దు రాళ్లలో ఒకటి కనిపించదు, ఇంకోదానికి పక్క రైతు గేదెను కట్టేస్తాడు. 57 కిలోమీటర్ల ఆ మార్గంలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. పాతికేళ్లయింది, అమలాపురంలో ఇంకా రైలు కూత వినపడలేదు. ఆ ప్లాటు ధర అస్సలు పెరగలేదని కాదు, పెరిగింది. కానీ అదే డబ్బు పోస్టాఫీసులో వేసి మర్చిపోయినా ఇంచుమించు అంతే అయ్యేది. అదీ మధ్యలో తుమ్మ కొట్టించే ఖర్చు లేకుండా!

విజయవాడ మెట్రోకీ చరిత్ర ఉంది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లోనే విజయవాడ–గుంటూరు–తెనాలి మెట్రో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. తరువాత ఢిల్లీ మెట్రోవాళ్లు నివేదిక ఇచ్చారు. కొన్నాళ్లకి ఖర్చు ఎక్కువని పక్కన పెట్టి లైట్ మెట్రో అన్నారు. అంటే చిన్న పెట్టెలు, తక్కువ బరువు, ఇరుకు మలుపుల్లోనూ తిరిగేది. ఆ తరువాత కొన్నేళ్లు ఆ ఊసే లేదు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ పచ్చజెండా ఊపింది. బస్టాండు నుంచి గన్నవరానికి ఒకటి, పెనమలూరుకి ఒకటి, మొత్తం 38.4 కిలోమీటర్లు, సుమారు 11 వేల కోట్ల రూపాయలు. అది రాదని నేను అనను. రావచ్చు. కానీ పదేళ్లలో మెట్రో లైట్ మెట్రో అయి, మళ్లీ మెట్రో అయింది. గీత ఎక్కడ పడుతుందో, స్టేషన్ ఎక్కడ దిగుతుందో మట్టి తవ్వేదాకా చెప్పలేం. హైదరాబాద్‌నే చూడండి. 2008లో ఒక సంస్థకి టెండరు దక్కింది, 2009లో రద్దయింది, 2010లో ఎల్ అండ్ టీతో ఒప్పందం జరిగింది, మొదటి రైలు 2017 నవంబరులో కదిలింది. అదీ అంత పెద్ద ఊళ్లో.

పిన్ని అల్లుడు చెప్పని విషయం ఇంకోటుంది. స్టేషన్ పేరు వినగానే ధర పెరిగిపోతుంది. రేపు రాబోయే రైలు విలువలో కొంత ఇవాళే గజం ధరలో కలిసిపోయి ఉంటుంది. పేపర్లో రాకముందే కొన్నవాడికి లాభం. 36 వేలకి మీరు కొంటున్నది రైలుని కాదు, ఎదురుచూపుని.

ఆ ఎదురుచూపు ఖరీదు ఎంతో లెక్కేద్దాం. 250 గజాలు 36 వేల చొప్పున 90 లక్షలు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. పూర్తి ధరకి చేయిస్తే మరో 6 లక్షల 75 వేలు. మొత్తం 96 లక్షల 75 వేలు. మీ తోట అమ్మితే వచ్చేది కోటీ 5 లక్షలు, చేతిలో మిగిలేది 8 లక్షల చిల్లర. 96 లక్షల 75 వేలు 7 శాతం వడ్డీతో పదేళ్లలో కోటీ 90 లక్షలవుతుంది. అంటే పదేళ్ల తరువాత గజం 76 వేలు పలికితేనే మీరు వడ్డీతో సమానం. పదిహేనేళ్లు పడితే లక్ష దాటాలి. అమ్మేటప్పుడు లాభం మీద 12.5 శాతం పన్ను కూడా ఉంటుంది. ఈలోగా ఖాళీ స్థలం మీకు రూపాయి ఇవ్వదు. కౌలు ఏడాదికి 75 వేలూ పోతుంది.

‘స్టేషన్ దగ్గర’ అన్న మాటకీ కొలత ఉంది. మెట్రో చుట్టూ జరిగే పునరాభివృద్ధికి కేంద్రం విధానాల్లో చెప్పుకునే దూరం 500 నుంచి 800 మీటర్లు, అంటే పది నిమిషాల నడక. ఆ లోపలే ఎక్కువ అంతస్తులకి అనుమతి, ఆఫీసులు, దుకాణాలు. బ్రోకరు కారులో తీసుకెళ్లినప్పుడు అన్నీ దగ్గరే అనిపిస్తాయి. మే నెల మధ్యాహ్నం ఆ ప్లాటు రాయి దగ్గర నుంచి మెయిన్ రోడ్డుదాకా మీరే ఒకసారి నడవండి. చీర కొంగు నెత్తిన వేసుకుని పావుగంటకి పైన నడవాల్సి వస్తే, ఆ స్టేషన్ మీ ప్లాటుది కాదు. మీ ప్లాటు ముందు షేర్ ఆటో ఎక్కి రైలు దాకా వెళ్లేవాళ్లు గజానికి అదనంగా ఏమీ పెట్టరు.

పోనీ నిజంగా పక్కనే ఉందనుకోండి. అప్పుడు ఇంకో భయం. మెట్లు, పార్కింగు, రోడ్డు వెడల్పు, వీటికి కావలసిన స్థలం ఆ పక్కనే తీసుకుంటారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఎలా కడతారంటే, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చుట్టుపక్కల గత మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం వాటి సగటు ఒకటి, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి అంతే మొత్తం సొలేషియం, అంటే భూమి పోయినందుకు ఇచ్చే అదనపు పరిహారం కలుపుతారు. వినడానికి బాగుంది. కానీ మన దగ్గర దస్తావేజుల్లో ఏ ధర రాస్తారో మీకు తెలుసు. ఉదాహరణకి అందరూ గజం 15 వేలకి రాయించుకున్నారనుకోండి, రెట్టింపు కలిపినా 30 వేలు. మీరు పెట్టింది 36. బ్లాకులో ఇచ్చిన డబ్బు ఏ చట్టం కంటికీ కనపడదు.

తీసుకోకుండా వదిలేసి, ఎక్కువ అంతస్తులకి అనుమతిచ్చినా ఆ లాభం 250 గజాలకి పూర్తిగా రాదు. ఎత్తు రోడ్డు వెడల్పుని బట్టి, స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఇస్తారు. అరెకరం, ఎకరం ఒక్కచోట కూడగట్టినవాడే స్టేషన్ పక్కన టవరు లేపగలడు. మీరు పక్కవాళ్లతో కలిసి డెవలప్‌మెంటుకి ఇవ్వాలి, అందులో ఒకడు కుదరదంటే ఆగిపోవాలి. పైగా 2017 మెట్రో విధానం వచ్చాక, రైలు వల్ల పెరిగిన భూమి విలువలో కొంత ప్రభుత్వమే ఫీజుల రూపంలో వెనక్కి తీసుకోవాలన్న ఆలోచన బలంగా ఉంది. హైదరాబాద్ మెట్రో లెక్కలోనూ టికెట్ల డబ్బుకి తోడు స్టేషన్ల పక్క మాల్స్, ఆఫీసుల అద్దె ఉంది. పంజాగుట్ట, హైటెక్ సిటీ దగ్గర ఆ మాల్స్ మీ అబ్బాయి చూసే ఉంటాడు. అయినా నష్టాలు తీరలేదు. 2025లో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, రాష్ట్రం తీసుకోవడానికి ఒప్పందం కుదిరింది. ప్రతి స్టేషన్ దగ్గరా జాగా చేతిలో ఉన్నవాడికే కష్టమైందంటే మనం కొంచెం ఆలోచించాలి.

రైలు వస్తే చాలు ఊరు మారిపోతుందన్నదీ పూర్తి నిజం కాదు. మన కాకినాడ–కోటిపల్లి మార్గం 2004లో మళ్లీ మొదలైంది. పాతది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు. ఒక్క పెట్టె రైలు బస్సు కూడా తిరిగేది, ఒక రకంగా చూస్తే మన లైట్ రైలు అదే. రామచంద్రపురంలో, ద్రాక్షారామంలో స్టేషన్లు లేచాయి. వాటి చుట్టూ భవనాలు లేవలేదు. ఎప్పుడో ఒక బండి వచ్చే చోట ఎవరూ కొట్టు పెట్టరు, ఆర్టీసీ బస్సూ ఆటోలూ ఇంటి ముందే ఆగుతుంటే రైలు కోసం ఎవరూ నడవరు. ఐదారు నిమిషాలకో బండి, దిగగానే ఉద్యోగం. ఈ రెండూ ఉన్న చోటే భూమికి రైలు విలువ పడుతుంది.

ఇక అసలు నన్ను కలవరపెట్టిన మాట. తోట మీ పేరున ఉంది. ప్లాటు అబ్బాయి పేరున అంటున్నారు. అమ్మా, ఇది పెట్టుబడి మార్చడం కాదు, ఆస్తి చేతులు మారడం. తల్లి కొడుక్కిచ్చినదానికి పన్ను పడదు, నిజమే. కానీ రేపు ఆ స్థలం అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా సంతకం అతనిది. అమ్మాయికి దానిలో వాటా అడిగే దారి ఉండదు. మీ నాన్నగారు ఆ తోటని అల్లుడి పేరున కాకుండా మీ పేరున ఎందుకు రాశారో ఒకసారి గుర్తు చేసుకోండి. అబ్బాయికి హైదరాబాద్‌లో ఇల్లు కావాలంటే కొనుక్కోవాలి. రైలు ఇప్పటికే తిరుగుతున్న చోట, తన జీతంతో, తన లోనుతో. అతను ఆశపడటంలో తప్పు లేదు. ఆ ఆశకి మీ తోట ఎందుకు?

మీ తోట మాత్రం గొప్ప రాబడినిస్తోందని అబద్ధం చెప్పను. కోటీ 5 లక్షల ఆస్తి మీద 75 వేలు అంటే ముప్పావు శాతం కూడా లేదు. తెల్లదోమ వచ్చినప్పటి నుంచి కోనసీమలో తోటలున్నవాళ్ల అవస్థ చూస్తూనే ఉన్నాను. కాబట్టి అస్సలు అమ్మకూడదన్న పట్టుదల నాకు లేదు. అమ్మాయి చదువుకో పెళ్లికో నిజంగా డబ్బు కావలసి వచ్చిన రోజు, రోడ్డు వైపు కాకుండా లోపలి వైపు అరెకరం అమ్మండి. 35 లక్షలు వస్తాయి. అందులో 9 లక్షలు పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో వేయండి, ఒక్కరి పేరున గరిష్ఠ పరిమితి అంతే. 7.4 శాతం లెక్కన నెలకి 5,550 రూపాయలు. పెన్షన్ పక్కన అది చిన్నదేమీ కాదు. మిగతాది అమ్మాయి అవసరం వరకు ఐదారు బ్యాంకుల్లో విడదీసి ఎఫ్‌డీలు చేయండి. ఒక్కో బ్యాంకులో డిపాజిట్ బీమా 5 లక్షల వరకే ఉంటుంది. మొత్తం తీసుకెళ్లి ఊళ్లో పరిచయమున్న సొసైటీలో పెట్టకండి.

అమ్మే ముందు రెండు జాగ్రత్తలు. పల్లెటూరి వ్యవసాయ భూమి అమ్మితే లాభం మీద ఆదాయపు పన్ను లేదు. కానీ దగ్గర్లో మున్సిపాలిటీ ఉంటే దాని హద్దు నుంచి ఎంత దూరమో చూడాలి. పదివేల నుంచి లక్ష జనాభా ఉన్న ఊరైతే 2 కిలోమీటర్లు దాటాలి, రోడ్డు మీద కాదు, నేరుగా కొలిచిన దూరం. అమలాపురం మీ తోటకి ఎంతుందో ఆడిటరుతో కాగితం మీద రాయించుకోండి. రెండోది, కొనేవాళ్లు సగం నగదిస్తామంటారు. వద్దనండి. 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడే ప్రమాదం ఉంది. డబ్బంతా బ్యాంకులోకే రావాలి.

ఇంత చెప్పినా ఆ ప్లాటు మీద మనసు పోతే, పిన్ని అల్లుణ్ణి నాలుగు కాగితాలు వాట్సాప్‌లో పెట్టమనండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుట్ ప్లాను, ముప్పై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు). సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో లేదని మీరే చూసుకోండి. కాగితాలు అడిగిన తరువాత ఫోన్లు ఎంత తగ్గుతాయో గమనించి నాకు రాయండి.

అన్నట్టు, తోటలో కోకో అంతరపంటగా ఉందో లేదో రాయలేదు. ఉంటే ఎకరానికి 50 వేల కౌలు తక్కువనిపిస్తోంది. కౌలు గడువు ఎప్పుడు తీరుతుందో, దింపు ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో కూడా చెప్పండి.