పాప సైనికుల క్రీమ్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది, పంపాలా?

ప్రశ్న: మాది ఆదోని. ఎరువులు, పురుగుమందుల అంగడి నడుపుతున్నాను. మా పాప కర్నూలులో బీఫార్మసీ ఫైనలియర్. అయిపోగానే ఏదో ఒక ఉద్యోగంలో చేరమంటే వినడం లేదు. యుద్ధంలో విషరసాయనాలు చర్మంలోకి దిగకుండా సైనికులు పూసుకునే క్రీములు ఉంటాయంట, వాటి మీద రీసెర్చ్ చేస్తుందంట. విషంతో పని అంటే ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. అసలు ఆ చదువుకు ఉద్యోగాలున్నాయా? మన ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీవో ఉంది కదా, అక్కడే ఏమైనా దొరుకుతుందా సార్?

జవాబు: చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. ఓర్వకల్లు దగ్గరున్నది ఆయుధాలను పరీక్షించే చోటు. 2025 ఏప్రిల్‌లో డ్రోన్లను కూల్చే లేజర్‌ను పరీక్షించింది అక్కడే. ఫార్మసీ చదివిన పిల్లకు అక్కడ పని దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. రసాయన ఆయుధాల నుంచి రక్షణ మీద పనిచేసే డీఆర్‌డీవో ల్యాబ్ గ్వాలియర్‌లో ఉంది. పేరు డీఆర్‌డీఈ.

ఇక పాప చెప్పే విషయం మీకు కొత్తదేమీ కాదు. మీ అంగట్లో పత్తి రైతులకు ప్రొఫెనోఫాస్ అమ్ముతుంటారు కదా. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే కెమిస్టు పురుగుమందు కోసం వెతుకుతూ ఇదే ఫాస్ఫరస్ కుటుంబంలో టాబున్ అనే పదార్థాన్ని తయారుచేశాడు. అది పురుగులనే కాదు, మనుషులనూ చంపేంత విషమని తేలింది. నరాల మీద పనిచేసే యుద్ధవిషాల కథ అలా మొదలైంది. సారిన్ ఆ తర్వాత వచ్చింది. శరీరంలో అవి చేసే పని కూడా మందు కొడుతూ పడిపోయిన రైతు ఒంట్లో జరిగేదే: నరాల సంకేతాన్ని ఆపే ఎంజైమును కట్టేస్తాయి. తేడా అంతా తీవ్రతలోనే. మందు డబ్బాతో వచ్చే కాగితంలో విరుగుడుగా రాసి ఉండే అట్రోపిన్‌నే సైనికుల కోసం ఇంజెక్షన్ పెన్నుల్లో నింపి ఇస్తారు.

వీటిలో చాలావాటికి ముక్కు ఒక్కటే దారి కాదు, చర్మం గుండా కూడా దిగుతాయి. చర్మాన్ని కాల్చే మరో యుద్ధవిషం మస్టర్డ్ గ్యాస్ అయితే తగిలిన చాలా గంటలకు గానీ బొబ్బలు పైకి తేలవు, దానికి విరుగుడు మందు కూడా లేదు. అందుకే ముందుగా పూసుకునే క్రీమ్ అనే ఆలోచన వచ్చింది. అమెరికా సైన్యం కోసం చేసిన సెర్పాక్వా అనే పేస్టుకు 2000 ఫిబ్రవరిలో అక్కడ మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అందులో ఉన్నవి రెండే రెండు పదార్థాలు, చెరిసగం: ఒకటి ఫ్లోరిన్ ఉన్న ప్రత్యేకమైన నూనె, రెండోది మన నాన్‌స్టిక్ పెనానికి వేసే టెఫ్లాన్ పొడి. ఈ మిశ్రమం నీళ్ళలోనూ కరగదు, మామూలు నూనెల్లోనూ కరగదు. అందుకని విషపు చుక్క దాని గుండా కిందికి దిగడానికి చాలా ఆలస్యమవుతుంది. ఆలస్యమే, పూర్తిగా ఆగదు. రక్షణ దుస్తులు వేసుకునే ముందు మణికట్టు, మెడ, నడుము, బూటు అంచుల దగ్గర, అంటే దుస్తుల్లో సందులుండే చోట్ల పూసుకోవాలి. దోమల క్రీమ్ ముందే రాసుకుని ఉంటే తుడిచేయాలి, లేకపోతే ఇది సరిగా పనిచేయదు. పూసుకున్న చేత్తో సిగరెట్ తాగకూడదు, ఆ వేడికి టెఫ్లాన్ పొగ వచ్చి ఊపిరితిత్తులకు దెబ్బ.

మీ భయానికి జవాబు దీని పరీక్షలోనే ఉంది. మనుషుల మీద విషం వేసి చూడలేరు కదా. అందుకే అమెరికాలో ఒంటికి తగిలితే దద్దుర్లు తెప్పించే పాయిజన్ ఐవీ అనే తీగ రసం వాడి చూశారు. మన నల్లజీడి రసం తగిలితే చర్మం పొక్కుతుంది చూడండి, ఆ తీగది అదే కుటుంబం. అసలు విషాలతో జంతువుల మీద చేసిన పరీక్షలు అనుమతి ఉన్న సైనిక ల్యాబులకే పరిమితం. 1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో మన దేశం కూడా ఉంది, మన దగ్గరున్న నిల్వలను 2009 నాటికి నాశనం చేశాం. కాలేజీలో, యూనివర్సిటీలో చదివే పిల్లల చేతికి సారిన్, మస్టర్డ్ రావు. వాళ్ళు వాడేది హాని తక్కువున్న నమూనా రసాయనాలు. నిజం చెప్పాలంటే, రోజూ మీ అంగట్లో మూత లీకైన డబ్బాలు సర్దే అబ్బాయి గురించే నాకు ఎక్కువ భయం.

ఉద్యోగాల సంగతి మాత్రం తియ్యగా చెప్పలేను. ఈ ఒక్క క్రీమ్‌నే నమ్ముకుంటే దేశం మొత్తం మీద కుర్చీలు చాలా తక్కువ. డీఆర్‌డీవో సైంటిస్ట్ నోటిఫికేషన్లలో ఎక్కువగా కనిపించేవి ఇంజినీరింగ్ బ్రాంచులు, కెమిస్ట్రీ లాంటివి. ఫార్మసీ పేరు కనిపించడం అరుదు. ల్యాబుల్లో జేఆర్‌ఎఫ్‌కు, అంటే రీసెర్చ్ చేసేవాళ్ళకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్‌కు, మామూలుగా నెట్ గానీ గేట్ గానీ పరీక్ష పాసై ఉండాలని అడుగుతారు. గేట్‌లో ఫార్మసీకి విడిగా పేపర్ లేదు, లైఫ్ సైన్సెస్ పేపర్ రాసుకోవాలి. పాపకు ఇది ఇప్పుడే తెలియాలి, ఎంఫార్మసీ అయ్యాక తెలిస్తే ఏడుపే.

కాబట్టి తను గురిపెట్టాల్సింది చర్మం మీద పనిచేసే మందుల తయారీకి. ఎంఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్ తీసుకుంటే ఆయింట్‌మెంట్లు, జెల్లులు, ఒంటికి అంటించే ప్యాచులు అన్నీ అందులోకే వస్తాయి. హైదరాబాద్ కంపెనీల్లో ఆ పనికి మనుషులు కావాలి. ముందు ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాయాలి, ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. అర్హత వస్తే ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఎంఫార్మసీ చదివే రెండేళ్ళూ నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. ఫార్మసీ పై చదువులకున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, హైదరాబాద్ నైపర్‌లో చేరాలంటే జీప్యాట్ అర్హతతో పాటు వాళ్ళ ప్రవేశ పరీక్ష కూడా రాయాలి. ఆ పైన పీహెచ్‌డీకి వెళ్తే జేఆర్‌ఎఫ్ నెలకు 37,000. పెళ్ళి మాట మీరు రాయలేదు గానీ మీ మనసులో ఉంటుందని తెలుసు. ఈ దారిలో స్థిరమైన జీతం వచ్చేసరికి పాపకు ఇరవై ఎనిమిది దాటొచ్చు. ఆ లెక్క ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. తర్వాత ఎవరూ ఎవరినీ అనుకోకుండా ఉంటారు.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అంటారా, దానికి బీఫార్మసీ చాలు. నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు నా దగ్గరకు వస్తూనే ఉంటారు.

నాకైతే ఈ విషయంలో అసలు ఆశ గ్వాలియర్‌లో కాదు, బెంగళూరులో కనిపిస్తోంది. అక్కడి ఇన్‌స్టెమ్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ప్రవీణ్ కుమార్ వేముల బృందం రైతుల కోసం చర్మానికి పూసుకునే జెల్ ఒకటి చేసి, 2018లో ఆ ఫలితాలు ప్రచురించింది. సెర్పాక్వా అడ్డుగోడ లాంటిది. ఇదేమో చర్మం మీదే పురుగుమందును విరిచేస్తుంది, ఎలుకల మీద పనిచేసింది కూడా. అదే ఆలోచనను బట్టలోకి ఎక్కించి 2024 డిసెంబరులో కిసాన్ కవచ్ అనే సూట్ విడుదల చేశారు. ధర దాదాపు 4,000 రూపాయలు, ఉతికి మళ్ళీ వాడుకోవచ్చు. మీ అంగడికి అప్పు రాయించుకోవడానికి వచ్చే రైతు దానికి నాలుగు వేలు పెడతాడా, ఎండలో తొడుక్కుంటాడా? ఆ సంగతి ల్యాబుల్లో ఉన్నవాళ్ళకంటే మీకే బాగా తెలుసు. ఆ అనుభవం మీ పాపకు పనికొస్తుంది, అడిగితే చెప్పండి.

ఎనిమిదో సెమిస్టర్‌లో తనకు ఎలాగూ ప్రాజెక్టు ఉంటుంది. మందు కొట్టేవాళ్ళ చేతులకు పూసే అడ్డు క్రీమ్ ఒకటి తయారుచేసి, ఫ్రాంజ్ సెల్ అనే గాజు పరికరంలో చర్మానికి బదులుగా ఒక పొర బిగించి, దాని మీద ఆ క్రీమ్ రాసి, ఏదైనా హానిలేని రంగు ఎన్ని గంటల్లో ఎంత కిందికి దిగిందో కొలవమనండి. పరికరం వాళ్ళ కాలేజీలో లేకపోతే అనంతపురంలో జేఎన్‌టీయూ వాళ్ళ నూనెల, ఫార్మా పరిశోధన సంస్థ ఉంది, గైడ్ చేత ఉత్తరం రాయించి అడగొచ్చు. ఆ గ్రాఫు గీయడం, అది ఎందుకు అలా వచ్చిందని గైడ్‌తో వాదించడం తనకు నచ్చిందా, విసుగొచ్చిందా అన్నది సెమిస్టర్ అయ్యేలోగా మీకే తెలిసిపోతుంది. నచ్చితే జీప్యాట్ ఫీజు కట్టేయండి. మీ అంగట్లోంచి ప్రొఫెనోఫాస్ డబ్బా మాత్రం ప్రాజెక్టుకని పట్టుకెళ్ళనివ్వకండి, ఎంత బతిమాలినా సరే.