బంతి విసరడమా, దొర్లించడమా?

సందేహం: అమెరికా క్రీడల మీద పిల్లల కోసం రాసిన ఒక వ్యాసంలో ఈ వాక్యం ఉంది: “1901లో షికాగోలో జరిగిన తొలి జాతీయ దశస్తంభ క్రీడా పోటీలలో అమెరికా బౌలర్లందరూ బంతులు విసిరి స్తంభాలను కూల్చారు.” ఇది సరైన తెలుగేనా? బౌలర్ అంటే పిల్లలు క్రికెట్ ఆటగాడనే అనుకోరా? – ఒక పాఠకురాలు

సమాధానం: వ్యాకరణం ప్రకారం ఈ వాక్యంలో తప్పు పట్టవలసింది లేదు. మాటల ఎంపికలోనే లోపం ఉంది, అందులో ఒకటి చిన్నది కాదు.

బౌలర్, బౌలింగ్ అన్న మాటలను మార్చనక్కరలేదు. ఇంగ్లీషులోనూ క్రికెట్‌కూ, వ్యాసంలో ‘దశస్తంభ క్రీడ’ అన్న టెన్‌పిన్ బౌలింగ్‌కూ (బంతిని దొర్లించి, బాట చివర నిలబెట్టిన ‘పిన్’ అనే పది కొయ్యలను పడగొట్టే ఆట) అవే మాటలు. ఫ్రెంచిలో గుండును ‘బూల్’ అంటారు, ఈ ‘బౌల్’ అక్కడి నుంచి వచ్చింది. గిన్నె అనే అర్థమున్న బౌల్‌కు దీనితో చుట్టరికం లేదు. క్రికెట్‌లో కూడా తొలినాళ్లలో బంతిని నేల మీద దొర్లించేవారు, తరువాత చేయి భుజం పైకి లేచినా పాత పేరే నిలిచింది. అమెరికావారి ఆటలో 60 అడుగుల బాట మీద బరువైన బంతిని ఇప్పటికీ దొర్లిస్తారు. కాబట్టి మొదటిసారి ‘టెన్‌పిన్ బౌలింగ్’ అని పూర్తిగా రాసి, ఆపైన ‘దొర్లించు’ అన్న క్రియను విడవకుండా వాడితే పిల్లలు పొరబడరు. వారి కళ్ల ముందు క్రికెట్ మైదానాన్ని నిలుపుతున్నది ‘విసిరి’ అన్న మాటే.

‘స్తంభం’ నాకు అసలు నచ్చలేదు. కదలక నిలిచేది స్తంభం, ‘స్తంభించిపోయాడు’ అన్నప్పుడు మనం చెప్పేది కూడా ఆ కదలకపోవడాన్నే. ఇక్కడ ఉన్నదేమో 15 అంగుళాల ఎత్తున్న కొయ్య, పడడానికే నిలబెట్టినది. పెన్ను, గన్ను, టన్ను అన్నట్టే పిన్ను, పిన్నులు అనండి. కూల్చేది గోడలను, మేడలను. ఏడుపెంకులాటలో మనం పెంకులను పడగొడతామే గాని కూల్చము. పిన్నులనూ పడగొట్టడమే ఉచితం. ‘పది’ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది: 1841లో కనెటికట్ రాష్ట్రం తొమ్మిది పిన్నుల ఆటను నిషేధించగా, పదో పిన్ను చేర్చి జనం చట్టాన్ని తప్పించుకున్నారని. దాన్ని వ్యాసంలో చేర్చదలిస్తే వాక్యాన్ని ‘అంటారు’ అని ముగించాలి, చరిత్రగా నిర్ధారించి చెప్పకూడదు.

అన్నిటికంటె పెద్ద పొరపాటు ‘అందరూ’. ఆ పోటీలు జరిపినది 1895లో న్యూయార్క్‌లో ఏర్పడిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ అనే క్రీడా సంఘం, వచ్చినవి 41 జట్లు, అన్నీ పురుషులవే. మహిళలు 1916లో సెయింట్ లూయిస్‌లో తమ సంఘాన్ని తామే పెట్టుకోవలసి వచ్చింది. తెల్లజాతివారికే సభ్యత్వమన్న షరతును ఆ కాంగ్రెస్ 1950లో గాని తొలగించలేదు, అందువల్లనే నల్లజాతి ఆటగాళ్లు 1939లో డెట్రాయిట్‌లో వేరే సంఘం స్థాపించుకున్నారు. తెలుగులో ‘ఆడారు’ అన్న బహువచన క్రియ ఆడవారినీ మగవారినీ ఒకే రూపంలో చెబుతుంది. దానికి ‘అందరూ’ కూడా తోడైతే, గడప బయట నిలబెట్టిన వారు సైతం లోపల ఆడినట్టే పాఠకుడికి తోస్తుంది. పిల్లలకు రాసేటప్పుడు ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

వ్యాసంలో ఎక్కడైనా ‘పిన్నులు మళ్లీ నిలబడ్డాయి’ అని రాసి ఉంటే అదీ సరిచూడాలి. 1950ల్లో యంత్రాలు వ్యాపించేదాకా అవి వాటంతటవి నిలబడలేదు, బాట చివర కూర్చున్న కుర్రవాళ్లు ఒక్కొక్కదాన్నీ చేత్తో నిలబెట్టేవారు.

ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “1901లో షికాగోలో జరిగిన తొలి జాతీయ టెన్‌పిన్ బౌలింగ్ పోటీలలో 41 పురుషుల జట్లు బంతులు దొర్లించి పిన్నులను పడగొట్టాయి.”