బటన్ అమ్మ చేతిలోనే ఉండాలి

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. వచ్చే వారం నడుము ఆపరేషన్, ఎల్4-ఎల్5 వెన్నుపూసల దగ్గర స్క్రూలు వేస్తారట. రెండేళ్లుగా ట్రమడాల్ మాత్రలు వేసుకుంటోంది. ఆపరేషన్‌లో కెటమిన్ ఎక్కిస్తామని, తర్వాత నొప్పికి బటన్ ఉన్న పంపు పెడతామని అన్నారు. కెటమిన్ మత్తుకు అలవాటుపడ్డవాళ్లు వాడేదని పక్కింటాయన భయపెట్టాడు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దాన్ని మత్తు కోసం దొంగచాటుగా వాడేవాళ్లున్న మాట నిజమే. కానీ మా మత్తు డాక్టర్ల చేతిలో అది 1970ల నుంచీ ఉన్న మందు. మనిషిని నిద్రపుచ్చే మోతాదుకంటే చాలా తక్కువగా, సిరంజి పంపులో పెట్టి చుక్కచుక్కగా ఎక్కిస్తాం. మీ అమ్మగారికి ఎంచుకోవడానికి ఆ ట్రమడాలే కారణమై ఉంటుంది. అదీ మార్ఫిన్ జాతి నొప్పి మందే, అన్నాళ్లు వేసుకున్న ఒంటికి ఆ జాతి మందులు మామూలు మోతాదులో ఆనవు. కెటమిన్ దారి వేరు కనుక మార్ఫిన్ అవసరం తగ్గుతుంది. కొందరికి వింత కలలొస్తాయి, ఎవరో కనిపిస్తున్నారంటారు. నర్సుకు చెబితే మోతాదు తగ్గిస్తారు.

ట్రమడాల్ విషయం దాచకండి. "అప్పుడప్పుడూ వేసుకుంటుందండీ" అంటారు, పర్సులోంచి మూడు ఖాళీ స్ట్రిప్పులు బయటపడతాయి! ఆ స్ట్రిప్పులే తెచ్చి చూపించండి. బీపీ, గుండె జబ్బు ఉంటే అదీ చెప్పండి. మాత్రలు సొంతంగా ఒక్కసారిగా మానిపించకండి.

ఇక బటన్. నొక్కితే కొంచెం మార్ఫిన్ వెళ్తుంది, తర్వాత అయిదు, పది నిమిషాలదాకా ఎన్నిసార్లు నొక్కినా రాదు. అసలు కాపలా అది కాదు, నిద్ర. మగతగా ఉన్న మనిషి నొక్కలేదు, మందు ఆగిపోతుంది. ఒకసారి తెల్లవారుజామున రౌండ్స్‌కు వెళ్తే ఒకావిడ పిలిచినా పలకట్లేదు, ఊపిరి నిమిషానికి ఏడెనిమిది సార్లే. పక్కనే కూతురు, చేతిలో బటన్. "అమ్మ మూలుగుతుంటే చూడలేక రాత్రంతా నేనే నొక్కానండీ" అంది. ఆ పిల్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆక్సిజన్ పెట్టి, విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చాం, ఆవిడ తేరుకుంది. మీ ఇంట్లో ఎవరూ ఆ బటన్ ముట్టుకోకూడదు.

ఇంకొకటి. వార్డులో ఎక్కించే ఆ 100 ఎం.ఎల్. పారాసిటమాల్ సీసాలో ఒక గ్రాము మందుంటుంది. మామూలుగా ఆరు గంటలకొకటి. పెద్దవాళ్లకు రోజంతా కలిపి నాలుగు గ్రాములు దాటకూడదు, సన్నగా ఉన్నా, లివర్ బాగోలేకపోయినా ఇంకా తక్కువే. నొప్పి తగ్గలేదని బ్యాగులోని డోలో తీసి వేయకండి, అదీ పారాసిటమాలే.