మీడియా క్వెరీ రాసినా ఫోనులో పేజీ కుదించుకుపోయి కనిపిస్తుంటే

600 పిక్సెళ్ల లోపు తెరల కోసం మీడియా క్వెరీ (తెర వెడల్పును బట్టి పేజీ రూపాన్ని మార్చే నియమం) రాశానని, కంప్యూటర్‌లో విండోను కుదిస్తే పేజీ చక్కగా సర్దుకుంటోందని, ఫోనులో మాత్రం అక్షరాలు చదవలేనంత చిన్నగా వస్తున్నాయని రాశారు. ఫోన్లకు వేరే పేజీ తయారు చేయాలా అని అడిగారు. వద్దు. రెండు పేజీలుంటే ప్రతి మార్పునూ రెండు చోట్ల చేయాలి. కొన్నాళ్లకు వాటిలో ఒకటి తప్పకుండా వెనకబడుతుంది.

బాగుచేయమని నా దగ్గరకు వచ్చే పేజీల్లో ఈ లక్షణం కనిపిస్తే ముందుగా కోడ్ మొదట్లోని హెడ్ భాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగు కోసం వెతుకుతాను. పేజీని ఎంత వెడల్పున పరచాలో బ్రౌజర్‌కు చెప్పేది అదే. చాలాసార్లు అది ఉండదు. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి వెబ్ పేజీలు దాదాపు అన్నీ పెద్ద తెరల కోసమే తయారయ్యేవి. అందుకే అందులోని సఫారీ బ్రౌజర్, తెర వెడల్పు 980 పిక్సెళ్లు అనుకుని పేజీని పరిచి, ఆ తర్వాత కుదించి చూపేది. తర్వాత వచ్చిన ఫోను బ్రౌజర్లూ అదే దారి పట్టాయి. ట్యాగు లేని పేజీకి ఇప్పటికీ అదే జరుగుతుంది. పేజీ దృష్టిలో వెడల్పు 980 కాబట్టి మీ 600 నియమం ఎప్పటికీ అమలు కాదు. ట్యాగులో ‘విడ్త్=డివైస్-విడ్త్, ఇనీషియల్-స్కేల్=1’ అని ఇవ్వండి. వేళ్లతో పెద్దది చేసుకోవడాన్ని అడ్డుకునే ‘యూజర్-స్కేలబుల్=నో’ను మాత్రం దయచేసి చేర్చకండి. చూపు మందగించినవారికి ఆ సౌకర్యమే ఆధారం.

ట్యాగు పెట్టగానే పేజీ పక్కకు జరగడం మొదలవవచ్చు. బాడీకి ‘ఓవర్‌ఫ్లో-ఎక్స్: హిడెన్’ పెట్టి దాచేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. బయటికి పొడుచుకొచ్చిన భాగంలో బటన్ ఉంటే అది ఎవరికీ అందదు. అన్ని ఎలిమెంట్లకూ కాసేపు ఎర్ర అవుట్‌లైన్ ఇవ్వండి, హద్దు దాటినది వెంటనే కనబడుతుంది. బొమ్మ అయితే ‘మ్యాక్స్-విడ్త్: 100%’, ‘హైట్: ఆటో’ ఇవ్వండి. పెద్ద పట్టిక అయితే దాన్ని ఒక డివ్‌లో (పెట్టెలాంటి ట్యాగులో) ఉంచి ఆ డివ్ మాత్రమే జరిగేలా చేయండి. పొడవాటి లింకులకు ‘ఓవర్‌ఫ్లో-ర్యాప్: ఎనీవేర్’ సరిపోతుంది. ఎక్కువ కాలం ఏడిపించేది, పేజీ భాగాలను వరుసగా పేర్చే ఫ్లెక్స్‌బాక్స్. అందులోని ఎలిమెంట్లు మామూలుగా తమ లోపలి సమాచారం కన్నా ఇరుకుగా మారవు. ‘మిన్-విడ్త్: 0’ ఇస్తేనే దారికి వస్తాయి.

ఒకే పేజీ ఏ తెరకైనా సర్దుకునే ఈ పద్ధతిని 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కోట్ ప్రతిపాదించినప్పుడు సాగే గ్రిడ్, సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు అని మూడింటినీ కలిపి చెప్పారు. మనం మొదటి రెండూ వదిలేసి మూడోదాని మీదే భారం వేస్తున్నాం. ముందు ఇరుకు తెరకే మొత్తం రాయండి. విండోను మెల్లగా వెడల్పు చేస్తూ, వరుసలు చదవడానికి మరీ పొడవైన చోట ‘మిన్-విడ్త్’ క్వెరీ చేర్చండి. ఫోను మోడళ్ల కొలతలు పట్టుకుని పరిగెత్తకండి.

ఫారం గడుల్లో అక్షరాలు 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్ సఫారీ గడిని తాకగానే పేజీని పెద్దది చేస్తుంది. తెలుగు పాఠానికి లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.6 దాకా ఇవ్వండి, లేకపోతే ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

చివరగా 320 పిక్సెళ్ల వెడల్పులో చూడండి. పక్కకు జరపకుండా చదవగలగాలని, వెబ్ పేజీలు అందరికీ అందేలా చూసే ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1 పెట్టిన కొలత అదే. 1280 పిక్సెళ్ల విండోను 400 శాతం పెద్దది చేసుకునేవారికి దక్కే వెడల్పు కూడా అంతే. అక్కడ ఏదైనా హద్దు దాటుతుంటే ఆ భాగం కోడ్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.