జర్మన్ క్లాసుకు వెళ్తే మన తెలుగుతనం తగ్గుతుందా?

"ఇంటిగ్రేషన్ కోర్సులో చేరబోతున్నాను. భాషతో పాటు వాళ్ళ సంస్కృతి, వాళ్ళ దేశభక్తి కూడా మన మీద రుద్దుతారా?" అని అడిగారు.

రుద్దరు. వలస వచ్చినవాళ్ళకు జర్మన్ ప్రభుత్వం పెట్టిన ఆ కోర్సు లైప్‌జిగ్‌లో మొత్తం చేసిన మనిషిగా చెబుతున్నాను. 600 పీరియడ్లు భాష ఉంటుంది. ఆ తర్వాత 100 పీరియడ్లు ఓరియంటేషన్ పేరుతో చరిత్ర, రాజ్యాంగం, సమాజం చెబుతారు. మీ భయమంతా ఆ చివరి వంద గురించేననుకుంటాను. నాకైతే కోర్సు మొత్తంలో మనసుకు పట్టింది ఆ వందే.

నన్ను విసిగించినవి భాషా పాఠాలు. ఏ పాఠమైనా చివరికి వచ్చేది ఒకటే ప్రశ్న: "మీ దేశంలో ఎలా?" మీ దేశంలో పెళ్ళిళ్ళెలా చేస్తారు, పొద్దున్నే ఏం తింటారు, ముసలివాళ్ళను ఎవరు చూసుకుంటారు. ఖమ్మంలో పుట్టిన నేను కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా అందరి తరఫునా జవాబు చెప్పాలి. మా ఇంట్లో ఉప్మా అన్నానంటే బోర్డు మీద "ఇండియాలో ఉప్మా" అని పడిపోయేది. నా మాతృభాష హిందీ కాదని ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ మొదటికే వచ్చేవారు. వాళ్ళ పుస్తకాలు వాళ్ళ దేశానికి చేసేదీ అంతే. పండగల పాఠమంటే మ్యూనిక్ బీరు పండగే. లైప్‌జిగ్ ఉన్న సాక్సనీ రాష్ట్రం వాళ్ళకు దానితో ఏం సంబంధం? భీమవరం కోడిపందేలు చూపించి ఆదిలాబాద్ సంక్రాంతి ఇదే అన్నట్టుంటుంది.

ఓరియంటేషన్‌కు టీచర్ మారింది. యాభై దాటిన ఆవిడ. మొదటి రోజే తన బర్త్ సర్టిఫికెట్ తెర మీద వేసి, అందులో ఉన్న ఊరిని గోడ మీది మ్యాపులో చూపించమంది. ఊరి పేరు కార్ల్ మార్క్స్ స్టాట్. ఒక్కొక్కరం లేచి సాక్సనీ అంతా వెతికాం, లేదు. అప్పుడు ఆవిడే వచ్చి కెమ్నిట్జ్ మీద వేలు పెట్టింది. 1953లో తూర్పు జర్మనీ ప్రభుత్వం ఆ ఊరికి మార్క్స్ పేరు పెట్టింది. 1990లో జనం ఓటేసి పాత పేరు తెచ్చుకున్నారు. అదే ఏడాది అక్టోబర్ 3న ఆవిడ పుట్టిన దేశమే లేకుండా పోయింది. అప్పటిదాకా బళ్ళో చదివిన పరాయి భాష రష్యన్. చదువు మధ్యలో ఉండగా జెండా, డబ్బు, పాఠ్యపుస్తకాలు అన్నీ మారిపోయాయి.

"ఇప్పుడు మీ కాగితాలు తీయండి, పుట్టిన చోటు అని ఏం రాసి ఉందో చదవండి" అంది. విదేశీయుల ఆఫీసు పుణ్యమా అని ఆ ఫైలు ఎప్పుడూ అందరి సంచుల్లోనే ఉంటుంది. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి వచ్చిన ఆవిడ కాగితం మీద సోవియట్ యూనియన్ ముద్ర ఉంది. సిరియాలోని కామిష్లీ నుంచి వచ్చిన కుర్దు అబ్బాయి, 1962 జనగణనలో వాళ్ళ తాతకు సిరియా పౌరసత్వం తీసేశారని, తను పుట్టేనాటికి ఇంట్లో ఎవరికీ దేశం లేదని చెప్పాడు. నా వంతు వచ్చింది. బర్త్ సర్టిఫికెట్ మీద ఆంధ్రప్రదేశ్, పాస్‌పోర్ట్‌లో తెలంగాణ.

"రెండు చోట్లా ఒకే భాష కదా, మరి ఎందుకు విడిపోయారు?" అని ఖార్కివ్ ఆవిడ అడిగింది. 1956లో కలపడం, 1969 ఉద్యమం, నీళ్ళు, నిధులు, నియామకాలు, 2014 జూన్ 2, అన్నీ చెప్పాను. నా జర్మన్ అంత ధారగా ఎప్పుడూ రాలేదు. టీచర్ అడిగింది: "విడిపోయినప్పుడు మీ ఇంట్లో ఎలా ఉంది?" మా నాన్నది ఖమ్మం, అమ్మది గుంటూరు జిల్లా. ఆ రోజు ఇంట్లో టీవీ పెట్టలేదు. ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. "మీ దేశంలో ఎలా?" అన్న ప్రశ్నకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. ముందు తన దేశాన్ని బల్ల మీద పెట్టింది, తర్వాతే మాది అడిగింది.

నవంబర్ 9న గోట్‌షెడ్ వీధికి తీసుకెళ్ళింది. 1938లో నాజీలు తగలబెట్టిన పెద్ద యూదు ప్రార్థనామందిరం అక్కడే ఉండేది. ఇప్పుడక్కడ 140 కంచు కుర్చీలు, వరసలు వరసలుగా, ఖాళీగా ఉంటాయి. ఎవరు చేశారో, చూస్తూ నిలబడింది ఎవరో ఆవిడ ఎక్కడా దాచలేదు, "మా వాళ్ళు" అనే చెప్పింది. చివరి పరీక్షలోనూ ఈ చరిత్ర ఉంటుంది. అడిగేది 33 ప్రశ్నలు, పౌరసత్వానికి 17 సరైతే చాలు. ఆ 33 ఏరే 310 ప్రశ్నల పట్టికను మనవాళ్ళు వాట్సాప్‌లో పంచుకుని, జర్మన్ ముక్క అర్థం కాకపోయినా ఆప్షన్లు బట్టీ పట్టేస్తున్నారు. దయచేసి మీరు ఆ పని చేయకండి.

ఆ కుర్చీల దగ్గర నాకు చుండూరు గుర్తొచ్చింది. అమ్మమ్మగారి ఊరికి దగ్గరే. 1991 ఆగస్టులో అక్కడ 8 మంది దళితులను నరికి చంపారు. ఏటా వేసవి సెలవులకు వెళ్ళాను, ఒక్కరూ ఆ మాట నా చెవిన వేయలేదు. కాలేజీ రోజుల్లో పేపర్లో చదివి తెలుసుకున్నాను.

అందుకే నా దృష్టిలో మన తెలుగుతనానికి జర్మన్ క్లాసుతో వచ్చే ముప్పేమీ లేదు. ఇక్కడ మనం శని, ఆదివారాల్లో పిల్లలకు చెప్పే తెలుగు క్లాసుల తీరే నాకు బాధ. వేమన పద్యం, బతుకమ్మ పాట, కూచిపూడి, అంతే. పండగ చీరల్లో ఫోటో తీసుకుని ఇళ్ళకు పోతాం. కారంచేడు, చుండూరు దళితుల హత్యల ఊసే రాదు. రాష్ట్రం ఎందుకు విడిపోయిందో రాదు. తెలుగు పుస్తకాలు తొలిసారి అచ్చయింది 1746లో, రైలెక్కితే అరగంట దూరంలో ఉన్న హాలేలోనని, బెంజమిన్ షుల్జ్ అనే పాదిరీ మతప్రచారానికి వేయించాడని కూడా ఇక్కడి పిల్లలకు ఎవరూ చెప్పరు. అడిగితే "చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకండీ" అంటారు. జర్మన్ పిల్లలు యూదుల మారణహోమం గురించి బళ్ళోనే చదువుతున్నారు, వాళ్ళూ పిల్లలే.

పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు నెలకో గంట నేనే చెబుతానని మా క్లాసు నడిపేవాళ్ళను అడిగాను. ఇంకా ఒప్పుకోలేదు. మీరు లైప్‌జిగ్ చుట్టుపక్కలే ఉంటే, మీ పిల్లలను పంపే ఉద్దేశం ఉంటే కింద రాయండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే కాదనలేరు.