ఈక ఎక్కడ ఊడిందో ముందు చూడు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. సిరిమాను జాతరకి విజయనగరం వస్తానని చెప్పి రాలేకపోయాను, నిష్ఠూరపడకు. మీ పెదనాన్న మోకాళ్లు ఈ వానలకి మరీ పట్టేశాయి. నువ్వు పంపిన ఫొటోలు మాత్రం మనవడి చేత పెద్దవి చేయించుకుని చూశాను. మూడు పెట్టలకి వీపు బోడి. ఎర్రదానికి మెడ మీదా రొమ్ము మీదా అక్కడక్కడ ఈకలు లేవు. తెగులు తగిలింది, మిగతావాటికి అంటకముందే కోసేద్దామని మీ అత్తగారు అంటున్నారన్నావు. పెద్దావిడ మాట కాదనను గానీ, నా మాటగా ఒక వారం ఆగమని చెప్పు. ఈకలు ఊడినంత మాత్రాన అది జబ్బు కోడి అయిపోదు.

ఏ మందు వెయ్యాలి అని అడిగావు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో సరిగ్గా ఆ ప్రశ్నే అడిగి నష్టపోయాను. ఈకలు రాలుతున్నాయి, పేలేమో అనుకుని, చేనుకి కొట్టగా మిగిలిన పురుగుల మందు నీళ్లలో కలిపి ఐదు పెట్టల్ని ముంచి తీశాను. సాయంత్రానికి రెండు చచ్చిపోయాయి. తీరా చూస్తే వాటికి పేలే లేవు, ఏటా రాల్చే ఈకలే రాల్చుకుంటున్నాయి. అందుకని ముందు కోడిని పట్టుకుని ఈక ఎక్కడ పోయిందో చూడు. సగం సంగతి అదే చెబుతుంది.

ఎర్రదాని వయసు రెండేళ్లు అన్నావు కదా. అది ఈకలు మార్చుకుంటోందని నా నమ్మకం. పెట్ట పుట్టిన ఏడాదిన్నర ప్రాంతంలో మొదటిసారి, ఆ తర్వాత ఏడాదికోసారి పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటుంది. పొద్దు తగ్గుతూ వచ్చే ఈ దసరా, దీపావళి రోజుల్లోనే ఎక్కువ. ముందు తల, మెడ, తర్వాత రొమ్ము, వీపు, ఆఖరికి రెక్కలు, తోక. రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ గుడ్డు పెట్టదు, పెట్టలేదు పాపం. ఈకలో నూటికి 85 వంతుల పైన మాంసకృత్తులే ఉంటాయి. తిన్నదంతా ఈకకే పోతుంటే గుడ్డుకి ఏం మిగులుతుంది? గుడ్డు మానేసిందని ఈ నెలల్లో కోసుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

దగ్గరగా చూస్తే బోడి అయిన చోట చిన్న చిన్న ముళ్లలా కొత్త ఈకలు పొడుచుకొస్తుంటాయి. అవి కనిపిస్తే ఇక దిగులు లేదు. ఆ ముళ్లలో నెత్తురు ఉంటుంది, ముట్టుకుంటే దానికి నొప్పి. పిల్లల్ని ఎత్తుకోనివ్వకు. ఇంకో మాట కూడా గుర్తుంచుకో. అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి గబగబా రాల్చి ముగించే పెట్ట గుడ్లు బాగా పెడుతుంది. ముందుగా మొదలుపెట్టి నెలల తరబడి ఈడ్చేది అంతంత మాత్రం. ఏది ఉంచుకోవాలో, ఏది అమ్ముకోవాలో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు తెలియదు.

భయం వేసినా, ఆకలి పడినా కూడా కాలం కాని కాలంలో రాల్చేస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా వైపు తీరం దాటినప్పుడు గూటి రేకులు ఎగిరిపోయాయి. రెండు రోజులు కోళ్లకి సరైన మేత లేదు, మంచినీళ్లు లేవు. ఏడాది నిండని పెట్టలు కూడా ఆ నెలలోనే గుత్తులు గుత్తులుగా ఈకలు రాల్చేశాయి. మేత కుదిరాక వాటంతట అవే తేరుకున్నాయి.

ఇక ఆ మూడు బోడి వీపులు. మీ ఇంట్లో పదకొండు పెట్టలకి మూడు పుంజులు ఉన్నాయన్నావు. అమ్మా, ఎనిమిది పది పెట్టలకి ఒక్క పుంజు చాలు. పుంజు తొక్కేటప్పుడు నోటితో మెడ వెనక పట్టుకుంటుంది, కాళ్లతో వీపు గీరుతుంది. పుంజులు ఎక్కువైతే, అందులోనూ తమకి నచ్చిన రెండు మూడు పెట్టల వెంటే పడితే, వాటి వీపులు ఇలాగే అవుతాయి. ఒక పుంజుని ఉంచుకుని మిగతా రెండూ సంక్రాంతి దాకా వేరే కట్టెయ్యి, లేదా అమ్మెయ్యి. ఉంచుకున్నదాని కాలి ముళ్ల కొసలు ఆకురాయితో అరగదియ్యి, మొదలు దాకా పోకు, నెత్తురొస్తుంది. పుంజుని తీసేసిన మర్నాటికే వీపు నిండిపోతుందనుకోకు. మొదలంటా ఊడిన ఈక కొన్ని వారాల్లో వస్తుంది గానీ, సగానికి విరిగిన ఈక మళ్లీ ఈకలు మార్చే కాలం వరకు మొండిగానే ఉంటుంది.

అయినా పేలు లేవని రూఢి చేసుకోవాలి. చీకటి పడ్డాక కోళ్లు గూట్లో సర్దుకున్న తర్వాత ఒక్కోదాన్ని తీసి, తోక కింద, రెట్ట వేసే చోటు చుట్టూ, రెక్కల కింద టార్చి వేసి చూడు. ఈకలు విడదీస్తే గోధుమరంగు పేలు పరుగెడతాయి. ఈక మొదట్లో తెల్లగా ముద్దకట్టినట్టు ఉంటే అవి ఈపులు. ఇంకో రకం పురుగులు పగలు కోడి మీద కనిపించవు. గూటి సందుల్లో, వెదురు కర్రల కణుపుల్లో, తాడు కట్టిన చోట దాక్కుని రాత్రి వచ్చి నెత్తురు తాగుతాయి. రాత్రి కోళ్లు కూర్చునే కర్ర కింద తెల్లగుడ్డ పరిచి ఉంచు. పొద్దున దాని మీద ఎర్ర మరకలు, నలిగిన ఎర్ర పురుగులు ఉంటే దొంగ దొరికినట్టే.

దొరికితే కోడి కంటే ముందు గూడు సంగతి చూడాలి. కోడికి ఎంత చేసినా గూడు అలాగే ఉంటే లాభం లేదు, మేత లేకపోయినా ఆ పురుగులు నెలల తరబడి బతుకుతాయి. కింద ఉన్న గడ్డి, ఊక అంతా తీసి కాల్చెయ్యి. సందుల్లో మరిగే నీళ్లు పొయ్యి, ఎండనివ్వు, తర్వాత సున్నం కొట్టి కర్రలకి వేపనూనె రాయి. పది రోజులకి మళ్లీ చెయ్యాలి, మొదటిసారి తప్పించుకున్న గుడ్లు ఆపాటికి పిల్లలవుతాయి. కోడికి పొయ్యాల్సిన మందు పశువుల ఆసుపత్రిలో అడిగి, వాళ్లు చెప్పిన కొలతకే వాడు. ఆ మందు వాడాక ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో కూడా అడుగు.

మామూలు రోజుల్లో కోడి తన పేలు తానే చూసుకుంటుంది, దానికి బొర్లడానికి చోటు ఉంటే. మీ పెరడంతా సిమెంటు చేయించారు కదా, అదే నాకు నచ్చనిది. చూరు కింద వాన పడని మూల ఒక గుంత తవ్వి పొడి ఇసుక మట్టి, జల్లించిన కట్టెల పొయ్యి బూడిద వెయ్యి. తడిస్తే మార్చెయ్యి, తడి బూడిద చర్మాన్ని కాలుస్తుంది.

కోళ్లు ఒకదాని ఈకలు ఒకటి పీకడం నువ్వు చూశావా? చూస్తే గూడు ఇరుకైనా అయ్యుండాలి, మేతలో సత్తువైనా తగ్గి ఉండాలి. నెత్తురు కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. దెబ్బ తిన్నదాన్ని గంప కింద పెట్టి వేపనూనెలో పసుపు కలిపి రాయి. అయితే నాలుగు రోజులు వేరు చెయ్యాల్సింది అసలు పొడిచేదాన్ని. తిరిగి వచ్చేసరికి దాని పెత్తనం కొంత తగ్గుతుంది.

నూకలు, తవుడు మాత్రమే వేస్తే ఈకలు రావు. పెద్ద కోడి రోజుకి 100 గ్రాములకి పైగా తింటుంది. అందులో గుప్పెడు నువ్వుల చెక్కో వేరుశెనగ చెక్కో కలుపు. బూజు వాసన వస్తే పారెయ్యి, అది విషం. ఎండు నెత్తళ్లు అయితే ఉప్పు పోయేదాకా నానబెట్టి కడిగి పొడి చెయ్యి. పాత కుండలో తడి పేడ, గడ్డి కుక్కి పుట్ట పక్కన రాత్రంతా బోర్లిస్తే పొద్దుటికి చెదలు పడతాయి. కోళ్లకి వాటిని మించిన విందు లేదు.

పొదుగు మీద కూర్చున్న పెట్టకి రొమ్ము బోడిగా ఉంటే ఏమీ చెయ్యకు. గుడ్లకి ఒంటి వేడి తగలాలని తనే పీక్కుంటుంది. ముడుచుకుని కూర్చుని మేత ముట్టకపోయినా, ఆకుపచ్చగా రెట్ట వేసినా, మెడ తిప్పేస్తున్నా మాత్రం అది ఈకల గొడవ కాదు. వెంటనే విడిగా పెట్టి డాక్టరుకి చూపించు.

ఇవాళ రాత్రే టార్చి వేసి చూసి, తోక కింద ఫొటో తీసి పంపు. ఆదివారం మీ తమ్ముడు విజయనగరం వస్తున్నాడు, వాడి చేత కిలో నెత్తళ్లు పంపుతున్నాను. కోళ్లకమ్మా అవి, వంకాయలో వేసి వండేసుకునేవు.

మీ పెద్దమ్మ