కేసు ముగిసినా మనసులోంచి పోకపోతే

ప్రశ్న: ఒక మహిళా సహాయ కేంద్రంలో నాలుగేళ్లుగా కౌన్సెలర్‌గా చేస్తున్నాను. నెలవారీ సమీక్షలో ఎన్ని కేసులొచ్చాయి, ఎన్ని రాజీ అయ్యాయి అని అడుగుతారే తప్ప, నేను మాట్లాడిన తీరు గురించి ఎవరూ అడగరు. కొందరి మాటలు ఇంటికెళ్లినా వదలవు. మాలాంటివాళ్లకు సూపర్‌విజన్, అంటే మనం చేసిన కేసుల గురించి తోటి కౌన్సెలర్‌తో మాట్లాడి మన తీరును చూసుకోవడం, ఉండాలంటారు. నిధులు లేకుండా మేమే చేసుకోవచ్చా?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. కేసు ఎంతవరకు వచ్చిందో సమీక్షలో తేలుతుంది. ఆ కేసు ముందు కూర్చున్నప్పుడు మీలో ఏం జరిగిందో తేలేది సూపర్‌విజన్‌లోనే. బ్రిటన్‌లో బీఏసీపీ అనే కౌన్సెలర్ల సంఘంలో ప్రాక్టీసు చేసే సభ్యులకు సూపర్‌విజన్ తప్పనిసరి. ఎన్నేళ్ల అనుభవమున్నా మినహాయింపు లేదు.

ముందు రాయడం అలవాటు చేసుకోండి. మనసులో మెదులుతున్న కేసును ఆ రోజే రాయాలి. రెండు రోజులాగితే మనకు అనుకూలంగా మారిపోతుంది. పేజీ మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు అన్న మాటలు అన్నట్టే: ‘ఆయన మారుతడు మేడమ్’ అందామె. ‘గృహహింస చట్టం కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు’ అన్నాను. కుడివైపు మీకు అనిపించింది: ‘చిరాకొచ్చింది. మా అక్కా ఇదే మాట అనేది.’ ఈ రెండు వరుసలూ పక్కపక్కన చూస్తే తెలుస్తుంది, ఆమె చెప్పింది ఆశ గురించి, జవాబు వెళ్లింది అక్కకు.

తర్వాత నలుగురైదుగురు కలిసి, పదిహేను రోజులకోసారి, గంటసేపు, ఒక్క కేసే తీసుకోండి. 1950ల్లో లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో మైకేల్ బాలింట్, ఎనిడ్ బాలింట్ డాక్టర్లతో మొదలుపెట్టిన బృందాల పద్ధతి మీకు బాగా సరిపోతుంది. ఒకరు పది నిమిషాలు చెబుతారు, ఎవరూ అడ్డు రాకూడదు. ఐదు నిమిషాలు వివరాల కోసం ప్రశ్నలు. ఆపైన చెప్పినవాళ్లు కుర్చీ వెనక్కి జరుపుకుని ఇరవై ఐదు నిమిషాలు వింటారు. మిగతావాళ్లు ఆ వచ్చినామె స్థానంలో, కౌన్సెలర్ స్థానంలో ఉంటే ఏమనిపిస్తుందో మాట్లాడుకుంటారు. మిగిలిన సమయం మళ్లీ చెప్పినవాళ్లది: ఈసారి ఏం మార్చి చూస్తారో ఒక్కటి చెప్పాలి.

చాలా బృందాలు దెబ్బతినేది సలహాల దగ్గరే. ‘నేనైతే ఇలా చేసేదాన్ని’ అనగానే చెప్పినామె సంజాయిషీలోకి దిగుతుంది, ఆలోచన ఆగిపోతుంది. అందుకే సమయం చూస్తూ సలహాలను ఆపడానికి ప్రతిసారీ ఒకరిని పెట్టుకోండి. మీ పనితీరుకు మార్కులు వేసే అధికారి కూర్చుంటే ఎవరూ తప్పు ఒప్పుకోరు. ఆయన్ను దూరంగా ఉంచమని మర్యాదగానే అడగండి. చెప్పేటప్పుడు పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేయండి. అక్క మాట వచ్చింది కదా అని కేసు చెప్పిన కౌన్సెలర్ ఇంటి సంగతులన్నీ తవ్వకండి. ఆ బాధ పెద్దదైతే ఆమెకు విడిగా కౌన్సెలింగ్ కావాలి.

ప్రాణభయం ఉన్న కేసును మాత్రం బృందం కూర్చునేదాకా ఆపకండి, అదే రోజు పైఅధికారికి చెప్పండి. పిల్లలపై లైంగిక హింస అని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. గోప్యత అక్కడ అడ్డు కాదు.